మూడో కూత

మా ఊరి బడి గ్రౌండు నాకు మూడు ఇచ్చింది: ఎడమ మోకాలి మీద ఒక మచ్చ, జిల్లా కబడ్డీ జట్టులో చోటు, ఆ చోటు చూపించి స్పోర్ట్స్ కోటాలో తెచ్చుకున్న ఇంజనీరింగ్ సీటు. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం, భవానీపురంలో అమ్మతో కలిసి అద్దె గది. ప్లాంటులో నా పని లోపాలు పట్టుకోవడం. ఏదైనా మెషిన్ ఆగిపోతే, ఆగడానికి ఎన్ని కారణాలుండొచ్చో వరసగా రాసుకోవాలి. ఒక్కొక్కటీ చూసి కొట్టేసుకుంటూ పోవాలి. చివరికి మిగిలిందే లోపం. ఈ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే మా అమ్మ, "కారణాలు తర్వాత చెబుదువుగాని, ముందు పెరుగు వేసుకో" అంటుంది.

ఆ గ్రౌండుకి ఏదో ఒకటి తిరిగివ్వాలని ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అనుకుంటున్నాను. సెలవు రోజుల్లో వెళ్ళి పిల్లలకి కబడ్డీ నేర్పుదామని ప్లాను. కార్తీకమాసం వెళ్ళాక ఒక ఆదివారం బండేసుకుని కంకిపాడు దాటి ఊరికి వెళ్ళాను. గ్రౌండు నిండా ధాన్యం ఆరబోసి ఉంది. హైస్కూలు గేటు నుంచి పక్కనున్న ప్రాథమిక పాఠశాల వరండా దాకా, గీతలు గీయడానికి చాపంత ఖాళీ కూడా లేదు. ఒక ముసలాయన పంచె ఎగ్గట్టి, కాళ్ళతో ధాన్యాన్ని చాళ్ళు చాళ్ళుగా తిరగబెడుతున్నాడు.

"కబడ్డీ నేర్పుతావా? నేర్పు నాయనా. గింజ తొక్కకుండా నేర్పు" అన్నాడు, నేనొచ్చిన పని విని.

"పోనీ ధాన్యం ఎత్తాక వస్తాలెండి తాతగారూ."

"ఎందుకూ, అదిగో, ఆ వరండాలో కూర్చుంది చూడు, మా మనవరాలు. దానికి నేర్పు. అదైతే చచ్చినా గింజ తొక్కదు."

నవ్వాలో వద్దో తెలియలేదు. వరండాలో చక్రాల కుర్చీలో తొమ్మిదేళ్ళ పాప ఉంది. తల ఒక పక్కకి వాలి ఉంది. చేతులు ఆమె చెప్పినట్టు వినవు. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యంగా అందిందట, మెదడులో కదలికల్ని నడిపే చోట దెబ్బ తగిలిందని డాక్టర్లు చెప్పారట. మాట రాదు. అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే మూస్తుంది.

తర్వాతి సెలవు బుధవారం వచ్చింది. అప్పుడు చూశాను అసలు సంగతి. పాప పేరు నాలుగో తరగతి హాజరుపట్టీలో ఉంది, పాప మాత్రం వరండాలో ఉంది. తరగతి కిటికీ పక్కన కుర్చీ పెట్టించుకుని, ఊచల్లోంచి బోర్డు చూస్తూ పాఠం వింటోంది. వింటోందా, ఊరికే చూస్తోందా అని నాకు అనుమానం. పలక నాలుగు మూలలా నాలుగు అంకెలు రాసి, బోర్డు మీదున్న భాగహారానికి జవాబు ఏదని అడిగాను. సరైన మూల చూసింది. గుడ్డిగా తగిలిందేమోనని అంకెల చోట్లు మార్చి అడిగాను. మళ్ళీ సరైన మూలే చూసింది. మూడోసారి కావాలని నాలుగూ తప్పులే రాశాను. కళ్ళు మూసుకుని, తెరిచి, నావైపు జాలిగా చూసింది.

హెడ్ మేడం నాలుగో తరగతి తనే చెబుతారు. వెళ్ళి అడిగాను.

"నిరుడు మూడో తరగతీ నేనే చెప్పాను, లోపలే కూర్చోబెట్టానండీ" అన్నారావిడ. "ఒకరోజు బట్టల్లోనే పోసుకుని, చివరి గంట దాకా అలాగే కూర్చుంది. నాకు తెలియలేదు. వాళ్ళమ్మ వచ్చి అందరి ముందూ నన్ను కడిగేసింది. తప్పు పట్టను, నేనైనా అలాగే అరుద్దును. కానీ ముప్పైమందిలో ఈ పిల్లకి ఎప్పుడొస్తుందో నాకెలా తెలుస్తుంది? ఒక్కసారి పిలిస్తే చాలు, ఆయాని పంపిస్తా. పిలవాలి."

"చట్టప్రకారం లోపల కూర్చోబెట్టాలి కదండీ" అన్నాను.

"చట్టం బెంచీ మీద కూర్చోబెడుతుంది బాబూ. బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళదు."

ఆవిడ కోపంగా అనలేదు. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా చూస్తానన్నారు. ఆలోపు పిలవడం వస్తే తరగతిలోకి, లేకపోతే ఇంటి దగ్గర చదువుకి రాసి పంపించేస్తానన్నారు. ఇంటి దగ్గర చదువంటే, ఎప్పుడైనా ఒక టీచరు ఇంటికొచ్చి వెళ్తారు. పాప అమ్మానాన్నా పొద్దున్నే పనికి పోతారు. తాత పొలానికి పోతే పాపకి మిగిలేది టీవీ, బయట గడియ పెట్టిన తలుపు.

ఆ రోజే తాత ఇంకో మాట చెప్పాడు. చేతిలో పాప నీళ్ళ సీసా ఉంది. మూత సీలు కూడా విప్పలేదు.

"పొద్దున లేచిన దగ్గర్నుంచీ సాయంత్రం ఇంటికొచ్చేదాకా నీళ్ళు పట్టం. అదీ తాగదు. నోరు తడిపితే ఉమ్మేస్తది. మొన్న ఎండాకాలంలో మంటొచ్చి జొరమొచ్చి ఆసుపత్రిలో పడుకోబెట్టాం. ఏం చేస్తాం మరి? బడి మానమంటే ఏడుస్తది."

ఆ సీసాని చూశాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. గదికొచ్చి, చేయగలిగినవన్నీ కాగితం మీద రాశాను.

మొదట బెల్లు పెట్టాను. ప్లాంటులో పారేసిన పెద్ద పుష్ బటన్ ఒకటి తెచ్చి, పాప మోచేయి ఆనే చోట బిగించి, బ్యాటరీతో మోగేలా చేశాను. మేడం ఒప్పుకుని ఒకరోజు లోపల కూర్చోబెట్టారు. పాప నొక్కింది. మోగింది. తరగతి మొత్తం ఇంటర్వెల్ అయిందని సంచులు తొక్కుకుంటూ బయటికి పరిగెత్తింది. వెనక మూడో తరగతి, దాని వెనక రెండు. బెల్లు తీసేయమన్నారు. తర్వాత లైటు. మేడం బోర్డు వైపు తిరిగి రాసేటప్పుడు లైటు ఎవరికి కనబడుతుంది? కరెంటు పోతే బ్యాటరీ ఉంది, కానీ మేడం వీపుకి కళ్ళు లేవు. ఆ తర్వాత చెయ్యి ఎత్తడం. పాప చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు లేవదు, అనుకోనప్పుడు దానంతటదే లేస్తుంది. ఆయా నాలుగుసార్లు ఊరికే వచ్చి, ఐదోసారి రానంది. గంటగంటకీ తీసుకెళ్ళడం అన్నిటికన్నా తేలిక అనుకున్నాను. హైస్కూలుకీ దీనికీ కలిపి ఉన్నది ఆ ఒక్క ఆయానే.

ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోయాను. ప్లాంటులో అయితే చివరికి ఒకటి మిగులుతుంది. ఇక్కడ కాగితం మీద ఏమీ మిగల్లేదు.

ధాన్యం బస్తాలకెత్తిన తర్వాతి ఆదివారం, హైస్కూలు కుర్రాళ్ళు గ్రౌండులో గీతలు గీశారు. అంతదూరం వచ్చాను కదా అని నేనూ దిగాను. కూతకెళ్ళాను. కబడ్డీ తెలియనివాళ్ళకి ఒక్కమాట: ఎదుటి జట్టు చోటులోకి వెళ్ళేవాడు ఒకే ఊపిరి మీద "కబడ్డీ కబడ్డీ" అంటూ ఉండాలి. అదే కూత. ఎవరినైనా తాకి, ఊపిరి తెగేలోపు తన గీత లోపలికి వచ్చేయాలి. మధ్యలో ఊపిరి పీల్చాడా, ఔట్. నేను ఒకణ్ణి తాకి గీత మీద పడ్డాను, కూత ఆపాను. కానీ కూత ఆగలేదు. వరండాలోంచి సన్నగా, జీరగా, "డీ... డీ..." అని వినిపిస్తోంది.

తాత నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. "అది దానిదేనా గొంతు?" అన్నాడు.

అప్పటి నుంచి నా సెలవులన్నీ ఆ వరండాలోనే. మాట కోసం ప్రయత్నిస్తే పాప ఒళ్ళంతా బిగుసుకుపోయేది, గొంతు మూసుకుపోయేది. ఆటలో అయితే, ముందు ఊపిరి వదలడం మొదలుపెట్టి దానిమీద గొంతు ఎక్కిస్తే, వచ్చేది. వరండా మీద సుద్దతో గీత గీశాను. అటు తాత, ఇటు మేము. పాప కూత మొదలుపెట్టగానే నేను కుర్చీ తోసేవాణ్ణి. వెళ్ళి తాత మోకాలికి పాప కాలు తగిలించి, కూత తెగేలోపు వెనక్కి లాగేవాణ్ణి. ఊపిరి పీలిస్తే నేనే చెయ్యెత్తి "ఔట్" అనేవాణ్ణి.

"ఔటే, ఔటే. నేను చూశా, పీల్చింది" అనేవాడు తాత ప్రతిసారీ, పీల్చకపోయినా.

"మీరు తొండి తాతగారూ."

"మా రోజుల్లో చెడుగుడు అంటే తొండే నాయనా. ఎముకలు విరిగేవి."

పాప నవ్వితే ఒళ్ళంతా ఊగేది. ఒకసారి నిజంగానే పీల్చింది, తాత చూడలేదు, నేను చూసీ ఊరుకున్నాను. పాయింటు మనదే అన్నాను. కళ్ళు మూసేసుకుంది. ఎంత బతిమాలినా తెరవలేదు. "సరే, ఔట్" అన్నాక తెరిచింది. ఆ పిల్ల పుట్టాక ఆడిన మొదటి ఆట అది. దాని నియమాల్ని నాకన్నా గట్టిగా పట్టుకుంది. ముచ్చటేసింది నాకు. అంతకుమించి ఆలోచించలేదు.

మేడం విన్నారు. తరగతిలో కూర్చోబెట్టారు. మొదటి రోజు నేను షిఫ్టులో ఉన్నాను. తాత ఫోన్ చేసి, "పిలిచింది. ఆయా వచ్చింది. అంతే" అని పెట్టేశాడు. మర్నాడూ పిలిచింది. ఆ వారమంతా పిలిచింది. నీళ్ళు మాత్రం ఇంకా తాగడం లేదు. ఇంకా నమ్మకం కుదరలేదనుకున్నాను.

వాయుగుండం పట్టింది. మూడు జిల్లాల్లో వాన. ఆ బడి పైకప్పు రేకులు. నాకు మేడం నుంచే ఫోన్ వచ్చింది, వెంటనే రమ్మని కాదు, ఇక రావద్దని. అయినా షిఫ్టు దిగి అటే వెళ్ళాను. బందరు రోడ్డు మీద నీళ్ళు. రోడ్డు పక్కంతా ధాన్యం మీద కప్పిన పట్టాలు గాలికి ఎగురుతుంటే జనం వాటిమీద పడుకుని పట్టుకుంటున్నారు. తడిసిన గింజ అప్పటికే మొలకలేసిన వాసన.

పాప వరండాలో ఉంది, మేడం శాలువా చుట్టుకుని. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నావైపు చూడలేదు.

"ఒకసారి పిలిచిందట" అన్నారు మేడం. ఆవిడ గొంతు కూడా బాగా లేదు. "పక్కపిల్ల చెప్పింది. రేకుల మీద వాన, నేను బోర్డు మీద రాస్తున్నాను, నాకు వినబడలేదు. మళ్ళీ పిలవచ్చుగా? గంటన్నరసేపు అలాగే కూర్చుంది, ఇంకో చప్పుడు లేదు. మళ్ళీ పిలవని పిల్లకి నేనేం చెయ్యగలను బాబూ? ఇంక వద్దు. పరీక్షలయ్యాక ఇంటిచదువుకి రాసేస్తాను."

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి మేడం."

"మీరు సెలవుకొకసారి వస్తారు. నేను రోజూ ఉంటాను. రోజూ ఆ పిల్ల మొహం చూసేది నేను."

వెళ్ళి పాప ముందు గచ్చు మీద కూర్చున్నాను. ఎందుకు మళ్ళీ పిలవలేదు అని అడగలేను. ఎందుకు అన్నదానికి కళ్ళతో జవాబుండదు. అవును, కాదు అంతే. అందుకని ప్లాంటులో చేసినట్టే మొదలుపెట్టాను.

గొంతు రాలేదా? కళ్ళు మూసింది. ఒళ్ళు బిగుసుకుపోయిందా? కాదు. మేడం అంటే భయమేసిందా? కాదు. పిల్లలు నవ్వుతారనుకున్నావా? కొంచెం ఆలోచించి, కాదు. అప్పటికే ఆలస్యమైపోయిందా? కాదు. పిలవాలనిపించిందా అసలు? కళ్ళు పైకెత్తింది, గట్టిగా, నీళ్ళు కారిపోయేట్టు. మరి పిలవగలిగేదానివేనా? అవును.

వానకి నా అరుపు నాకే వినబడటం లేదు. కాగితం మీద రాయదగిన కారణాలన్నీ అయిపోయాయి. తాత గోడకి ఆనుకుని కూర్చుని, "ఇంక దాన్ని వదిలెయ్ నాయనా. తడిసిన గింజని ఎంత తిరగబెడితే ఏం లాభం" అన్నాడు. బస్తాల్లో తడిసిన తన ధాన్యం గురించో, పాప గురించో చెప్పలేదు.

పాప కళ్ళు కిందికి దిగి ఒకచోట ఆగాయి. నేనూ అటు చూశాను. వానజల్లుకి సగం చెరిగిపోయిన సుద్ద గీత.

అడగడానికే భయమేసింది.

"మళ్ళీ పిలవాలంటే మళ్ళీ ఊపిరి పీల్చాలి కదా. పీలిస్తే ఔట్ అనుకున్నావా?"

కళ్ళు పైకెత్తింది. చాలాసేపు దించలేదు.

తాత లేచి అవతలికి వెళ్ళిపోయాడు. ప్లాంటులో లోపం దొరికితే ఒళ్ళు తేలికవుతుంది. ఆ రోజు అలా కాలేదు.

ఔట్ కాదు, ఇది ఆట కాదు, ఎన్నిసార్లయినా పీల్చు అని చెప్పాను. కళ్ళు మూసుకుంది. బతిమాలాను. మూసుకునే ఉంది. ఆటే కాదంటే ఆ గొంతు రాదు, నాకు తెలుసు. ఆట అంటే రెండో ఊపిరి లేదు, ఆమెకి తెలుసు. రూలు మార్చడానికి నేనెవర్ని? రూలు మార్చకుండా దారి ఉందా అని, తడిబట్టలతో అక్కడే కూర్చుని, చిన్నప్పటి నుంచీ ఆడిన ఆటనంతా మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చాను. అప్పుడు దొరికింది.

"సరే, విను. కూతకెళ్ళినవాడు ఎవర్నీ తాకలేదు, ఎవరికీ దొరకలేదు, ఊపిరి ఉండగానే గీత లోపలికి వచ్చేశాడు. ఔటా?"

ఒక కన్ను తెరిచింది. మూసింది. కాదు.

"దాన్ని ఖాళీ రైడ్ అంటారు. పాయింటు లేదు, ఔటూ లేదు. గీత లోపలికి వచ్చాక ఊపిరి పీల్చుకోవచ్చా?"

అవును.

"నువ్వు పిలిచావు, మేడం తిరగలేదు. అంటే నువ్వు ఎవర్నీ తాకలేదు. నోరు మూసుకున్నావంటే గీత లోపలికి వచ్చేసినట్టే. ఖాళీ రైడ్. రెండోసారి వెళ్ళు. అదీ ఖాళీ అయితే, మూడోది చావో రేవో, అవునా?"

నా ఫోన్లో మ్యాచ్‌లన్నీ చూసిన పిల్ల. వరసగా రెండు ఖాళీ అయితే మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే ఔటని ఆమెకి తెలుసు. నన్ను అనుమానంగా చూసింది. నేను తొండి ఆడుతున్నానేమోనని వెతికింది. అప్పుడు నెమ్మదిగా కళ్ళెత్తింది.

మేడంని మళ్ళీ అడగడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ప్రశ్నపత్రాలు కట్టలు కడుతూ తలెత్తలేదు. రెండోసారి తాత కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. "పరీక్షల ముందు శనివారం, ఒంటిపూట బడి. ఆ ఒక్కపూట" అన్నారు చివరికి. "మీరిద్దరూ కిటికీ దగ్గర నిలబడి సైగలు చెయ్యకూడదు."

ఆ శనివారం నేనూ తాతా బోరింగు పంపు దగ్గర నిలబడ్డాం. గోడ అడ్డం, ఏమీ కనబడదు, వినబడుతుంది. వాన లేదు. లోపల ఎక్కాలు మొదలయ్యాయి. ముప్పై గొంతులు ఒకేసారి. "సెవెన్ వన్‌జా సెవెన్, సెవెన్ టూజా ఫోర్టీన్." వానే నయమనిపించింది.

దాని అడుగున, చెవి పెట్టి వింటే తప్ప తెలియకుండా, "డీ... డీ..." మొదలైంది. తాత నా మణికట్టు పట్టుకున్నాడు. ఎక్కం ఆగలేదు. కూత సన్నబడి తెగిపోయింది.

ఒకటి ఖాళీ.

పీల్చుకుంటుందా లేదా. సెవెన్ సిక్స్‌జా అయింది, సెవెన్ ఎయిట్‌జా అయింది. మళ్ళీ మొదలైంది. అదే సమయానికి రోడ్డు మీద తడి ధాన్యం బస్తాలతో ట్రాక్టరొచ్చింది. తాత దానివైపు తిరిగి, నోటితో అనకుండా, డ్రైవర్ని ఏడుతరాలు తిట్టిన మొహం పెట్టాడు. ట్రాక్టర్ వెళ్ళేసరికి లోపల ఎక్కం ఒక్కటే ఉంది.

రెండు ఖాళీ.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏడో ఎక్కం అయిపోయి ఎనిమిది మొదలైంది. "పోనీలే" అన్నాడు తాత నెమ్మదిగా. నా మణికట్టు వదల్లేదు. పిల్లని నేనే ఇంత దూరం తోసుకొచ్చాను, వెనక్కి లాగడానికి కుర్చీ నా చేతిలో లేదు.

అప్పుడు వినబడింది. ముందు కూత కాదు, పీల్చుకోవడం. గోడ ఇవతలికి వినబడేంత గట్టిగా, ఏడుపు ముందు పిల్లలు పీల్చుకునేట్టు. దానిమీద గొంతు ఎక్కింది. జీరగా, పొడుగ్గా, ఎక్కాన్ని చీల్చుకుంటూ. ఒక గొంతు ఆగింది. ఇంకొకటి. "ఎయిట్ ఫోర్‌జా" అని ఒక్క పిల్ల మాత్రం అని, అదీ ఆపేసింది. ఎక్కం ఆగిన గదిలో ఆ ఒక్క "డీ" ఇంకా సాగుతూనే ఉంది.

"ఆయా" అన్నారు మేడం.

చక్రాల చప్పుడు వరండా మీదుగా వెళ్ళింది. తిరిగి వచ్చింది.

కాసేపటికి మేడం బయటికొచ్చారు. చేతినిండా సుద్ద. మా ఇద్దర్నీ చూసి, "సోమవారం తీసుకురండి" అన్నారు. తాత రెండు చేతులూ ఎత్తబోయాడు. "దణ్ణాలొద్దండీ. మంగళవారం సంగతి మంగళవారమే. నేను రోజుకొక రోజే చెప్పగలను."

మేడం లోపలికి వెళ్ళి బోర్డు వైపు తిరిగాక, తాత సీసా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సీలు విప్పాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి, "పట్టనా?" అని అడిగాడు. నేను వరండా చివర నుంచే చూశాను. పాప బోర్డు చూసింది, మేడం వీపు చూసింది, కళ్ళు పైకెత్తింది. గొంతులో కొంత, గౌను మీద కొంత, సగం సీసా అయింది.

నాకు రెండు గంటల షిఫ్టు. భవానీపురం వెళ్ళి యూనిఫాం వేసుకుని ఇబ్రహీంపట్నం చేరాలి. బండి తీస్తూ లెక్క వేసుకున్నాను. సగం సీసా తాగింది. బడి వదిలేలోపు ఆ పిల్ల మళ్ళీ కూతకి వెళ్ళాల్సిందే. అప్పటికి నేను బెంజిసర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటాను.